పాడేరు కొండలెక్కే ముందు మిత్రబృందం చూసుకోవాల్సినవి

☐ జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాళ్లు నాచు పట్టి జారతాయి. అరిగిన బూట్లతో రావద్దు. వాగు పొంగితే "మోకాలి లోతే కదా" అని దిగకండి. తగ్గేదాకా ఆగండి, తగ్గకపోతే వెనక్కి వచ్చేయండి. కొండ ఎక్కడికీ పోదు. ఉరుము వినిపిస్తే శిఖరం మీద, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు, వెంటనే కిందికి దిగండి.

☐ డిసెంబరు, జనవరిలో లంబసింగి వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. స్వెట్టర్, మంకీ క్యాప్ ఉండాలి.

☐ ఎండాకాలం మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. పొద్దున పదింటిలోపు దిగిపోవాలి.

☐ వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే ఎక్కాలి. తలకు కట్టుకునే టార్చి తెచ్చుకోండి. ఫోన్ లైట్ వాడితే ఛార్జింగ్ అయిపోతుంది, అవసరానికి ఫోన్ కలవదు.

☐ సుమారు 1,680 మీటర్ల ఎత్తున్న అర్మకొండ లాంటి చోటికి దారి తెలిసిన ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లొద్దు. కూలి ముందే మాట్లాడుకోండి.

☐ తేనెపట్టు కనిపిస్తే అరుపులు, పొగ వద్దు.

☐ అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడిపించండి. వాళ్లు వెనకబడితే ఎవరూ గమనించరు, నాకు అదే పెద్ద టెన్షన్.

☐ ఎప్పుడు దిగుతారో ఇంట్లో చెప్పారా?