ఇంటి వెనక గడ్డినేలలోకి దిగే ముందు

మాది ఉద్దానం వైపు, పెరడు దాటితే గడ్డినేల, దాని అంచునే జీడితోట. వానలు పడ్డాక నేల ఆర్కిడ్లు, పిట్టలు చూద్దామని వెళ్లేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- తెల్లవారుజామున, మునిమాపు వేళ ఒంటరిగా వద్దు. జీడిపళ్లకీ పనసపళ్లకీ ఎలుగుబంట్లు వచ్చే ఊళ్లు మావి, అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ నడవాలి (పిట్టలు ఎగిరిపోతే పోనీండి, ప్రాణం ముఖ్యం).

- గంబూట్లు, చేతిలో కర్ర. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడుకుంటే అస్సలు కనబడదు. కాటేస్తే కట్టు బిగించడాలు, కోయడాలు, నాటుమందులు వద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

- ఫుల్ ప్యాంటు. ఇంటికి రాగానే స్నానం. గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జబ్బు రావచ్చు, తర్వాత జ్వరమొచ్చి ఒంటి మీద నల్లటి పొక్కు కనిపిస్తే డాక్టరుకి గడ్డిలో తిరిగిన సంగతి చెప్పండి.

- ఉరుము వినబడితే వెనక్కి.

- తీతువు పిట్ట గుడ్లు నేలమీదే, గులకరాళ్లలా ఉంటాయి. చూసి అడుగేయండి.

- ఆర్కిడ్‌ని పీకి కుండీలో పెట్టే ఆలోచన మానుకోండి, దాని విత్తనం మొలవాలన్నా మట్టిలోని బూజు సాయం కావాలి, అది మీ కుండీలో ఎక్కడిది? ఫొటో చాలు.