నాడి పట్టి నేర్చుకుందాం - 4: గుండెకు పగ్గం ఎక్కడుంది?

పోయిన పాఠంలో మణికట్టు మీద, బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి నిమిషం పాటు నాడి లెక్కపెట్టాం. చాలామందికి 70కి అటూ ఇటూగా వచ్చి ఉంటుంది. కానీ నరాల అదుపు పూర్తిగా తీసేస్తే వయసులో ఉన్న మనిషి గుండె దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. మరి ఆ 30 దెబ్బలు తగ్గిస్తున్నదెవరు?

మా పాలమూరు దిక్కు ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఒక చేతిలో ముల్లుగర్ర, ఇంకో చేతిలో పగ్గాలు. సింపథెటిక్ నరాలు ముల్లుగర్ర. ఉరికినా, భయపడినా గుండెను అదిలిస్తాయి. మెదడు నుంచి మెడ గుండా దిగే వేగస్ నరం పగ్గం. ఊరికే కూర్చున్నప్పుడు గుండెను పట్టి ఉంచేది ఎక్కువగా ఇదే. గుండె పై గదుల మీద చిన్నచిన్న నరకణాల గుంపులున్నాయి. వేగస్ తెచ్చిన కబురు వాటి ద్వారానే గుండెకు అందుతుంది.

చాగస్ జబ్బు ఆ గుంపులనే తినేస్తుంది. ఇది మన దగ్గరి జబ్బు కాదు, లాటిన్ అమెరికాది. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ అనే డాక్టరు కనిపెట్టాడు. మట్టిగోడల పగుళ్లలో దాగే పురుగు రాత్రిపూట నెత్తురు తాగి, అక్కడే విసర్జిస్తుంది. గోక్కుంటే అందులోని పరాన్నజీవి ఒంట్లోకి పోతుంది. అదే దేశంలో ఫ్రిట్జ్ కోబెర్లె అనే డాక్టరు చనిపోయిన రోగుల గుండెల్లో ఈ నరకణాలను ఓపికగా లెక్కపెట్టి, బాగా తగ్గిపోయాయని చూపాడు. గుండె చెడడానికి అసలు మూలం అదేనన్నాడు. అంత దూరం నేను పోను. కండరంలో ఏళ్ల తరబడి సాగే వాపు పాత్ర చాలా పెద్దది. కానీ పగ్గం తెగుతుందన్న మాట మాత్రం నిజం.

ఇప్పుడు మీ పగ్గాన్ని మీరే పట్టి చూడండి. పొద్దున టీ తాగకముందు అరుగు మీద కూర్చుని నాడి పట్టండి. అయిదు సెకన్లు గాలి పీల్చండి, అయిదు సెకన్లు వదలండి. అట్లా నిమిషానికి ఆరుసార్లు. తల తిరిగితే ఆపేయండి. అంకెలు లెక్కపెట్టకండి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం గమనించండి. పీల్చేటప్పుడు పగ్గం వదులై దెబ్బలు దగ్గరవుతాయి, వదిలేటప్పుడు బిగుసుకుని దూరమవుతాయి. మొదటిరోజు తెలియకపోతే దిగులుపడొద్దు, వేళ్లకు అలవాటు కావాలి. వయసు పైబడిన కొద్దీ ఈ తేడా తగ్గడం మామూలే.

చాగస్ రోగుల్లో చాలామందికి ఈ తేడా బాగా తగ్గిపోతుంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకూ వేగస్ దెబ్బతిని ఇట్లాగే కావచ్చు. అందుకే ఎక్కడో బ్రెజిల్ జబ్బును ఇక్కడ కూర్చుని చదువుతున్నాం. అయితే వేళ్లతో చూసి జబ్బు ఉందనో లేదనో తేల్చకండి. అది ఈసీజీ తీసి డాక్టరు చెప్పాలి.

వారం రోజులు ఇది సాధన చేయండి. వచ్చే పాఠంలో పడుకున్నవాళ్లం లేచి నిలబడి, మొదటి అర నిమిషంలో నాడి ఏం చేస్తుందో చూద్దాం.