పాత ట్రాన్సిస్టర్ గిటార్ ఆంప్ (ఆంప్లిఫయరు) బాగుచేయడం: అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జత మార్చే ముందు చూడాల్సినవి

గుంటూరులో చర్చి సామాన్ల గదిలోనో, బెజవాడలో ఆర్కెస్ట్రా వాళ్ల అటక మీదో ఏళ్ల తరబడి పడివున్న ఆంప్ చేతికొస్తే వెంటనే ప్లగ్గులో పెట్టకండి. ముందు వెనక ప్లేటు మీద వోల్టేజి చదవండి. 117 అనో 120 అనో ఉంటే అది అమెరికా సరుకు. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా మన 230లో పెడితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. రెండు పిన్నుల వైరు తీసేసి మూడు పిన్నులది వేసి, ఎర్తును ఛాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి) గట్టిగా బిగించండి. మెయిన్స్‌కీ ఛాసిస్‌కీ మధ్య కండెన్సర్ కనిపిస్తే కత్తిరించేయండి. అది షార్టయితే ఛాసిస్‌లోంచి గిటార్ తీగల దాకా కరెంటు వస్తుంది.

స్పీకరు ఊడదీసి, ఆ స్థానంలో 8 ఓమ్‌ల 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరు పెట్టండి. కొన్ని పాత సర్క్యూట్లలో డ్రైవరుకు (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లను నడిపే చిన్న ట్రాన్సిస్టరుకు) కరెంటు స్పీకరు గుండానే వెళ్తుంది. అక్కడ లోడు లేకపోతే కొలతలన్నీ తప్పు చూపిస్తాయి.

లోపల షార్టుంటే కరెంటును అదుపు చేసేందుకు ఫేజు వైరులో 60 వాట్ల బల్బు సిరీస్‌లో కలపండి. ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. స్విచ్ వేయగానే ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. ప్రకాశంగా అలాగే ఉండిపోతే ఎక్కడో షార్టుంది. ఆఫ్ చేసి ప్లగ్గు పీకి, సప్లైని నునుపు చేసే పెద్ద ఫిల్టరు కండెన్సర్‌ను 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుతో ఖాళీ చేయండి. స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించే అలవాటుంటే మానేయాలి. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ (సర్క్యూట్‌కు వెళ్లే) వైర్లు విప్పి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ వెలుగుతుంటే ట్రాన్స్‌ఫార్మరు పోయినట్టే. ఆరితే డయోడ్లు, ఫిల్టరు, అవుట్‌పుట్ వరసగా చూడాలి.

అవుట్‌పుట్‌లో ఎక్కువగా 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ల జత ఉంటుంది. విప్పి, మీటరు డయోడు మోడ్‌లో ఎర్ర ప్రోబు బేస్ మీద పెడితే ఎమిటర్‌కీ కలెక్టర్‌కీ 0.5 నుంచి 0.7 రావాలి. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ఏమీ చూపకూడదు. సున్నా దగ్గర చూపితే అది షార్టు. చాలామంది ఇక్కడ కొత్త జత బిగించి ఆన్ చేసేస్తారు, అదీ నిమిషంలో పోతుంది. ఎందుకంటే పాత జత పోయేటప్పుడే డ్రైవరునూ, 0.33 లేదా 0.47 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్లనూ తీసుకుపోయి ఉండొచ్చు. సిగ్నల్ లేనప్పుడు జతలో పారే కరెంటును (బయాస్‌ను) అదుపులో ఉంచే బయాస్ డయోడు ఓపెనైతే అసలు దోషి అదే. ఇవన్నీ కొలవండి, జతను కలిపే మార్చండి. బజారులో నకిలీ 3055లు ఎక్కువ. మరీ చవగ్గా ఇస్తుంటే అనుమానించాల్సిందే.

3055 లోహపు డబ్బా మొత్తం కలెక్టరే. అందుకే మైకా వాషరు, ప్లాస్టిక్ బుషులు తప్పనిసరి. మైకాకు రెండువైపులా హీట్‌సింక్ పేస్టు పలచగా రాయండి. బిగించాక డబ్బాకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటరు బీప్ అనకూడదు.

బల్బు సిరీస్‌లోనే ఉంచి ఆన్ చేయండి. అవుట్‌పుట్ కండెన్సర్ ఉన్న ఆంప్‌లో రెండు ట్రాన్సిస్టర్లు కలిసే చోట సప్లైలో సగం రావాలి: 60 ఉంటే 30 వోల్టుల దరిదాపుల్లో. ప్లస్ మైనస్ సప్లై అయితే అక్కడ సున్నా, మహా అయితే 50 మిల్లీవోల్టులు. ఆ వోల్టేజి సప్లై ఈ చివరకో ఆ చివరకో అతుక్కుపోయి ఉంటే తప్పు ఇంకా మిగిలుంది, స్పీకరు జోలికి వెళ్లకండి. సరిగ్గా ఉంటే బల్బు తీసేసి పావుగంట వేడెక్కనివ్వండి. తర్వాత బయాస్ చూడండి: కంపెనీ కొలత దొరక్కపోతే 0.33 ఓమ్ ఎమిటర్ రెసిస్టరు మీద 7 నుంచి 10 మిల్లీవోల్టులు చాలు. మరీ తక్కువైతే నోటు సన్నగిల్లేటప్పుడు గరగరమంటుంది, ఎక్కువైతే మే నెల ఎండల్లో హీట్‌సింక్ పట్టుకోలేరు.

వాల్యూమ్ సున్నాలో కూడా గుయ్యిమంటే ఫిల్టరు కండెన్సర్ ఎండిపోయింది. పాత 2000 మైక్రోఫారడ్ 50 వోల్టులదానికి 2200, 63 వోల్టులు, 105 డిగ్రీలది వేయండి. వాల్యూమ్‌తో పాటు గుయ్యిమనడం పెరిగితే ఇన్‌పుట్ జాక్ ఎర్తు చూడండి.

కంట్రోల్స్ తిప్పితే బరబరమంటుంటే కాంటాక్ట్ క్లీనరు కొట్టండి. కొట్టాక కూడా పోకపోతే వెంటనే పాట్‌ను (ఆ తిప్పే కంట్రోల్‌ను) తిట్టకండి. దానికి ముందున్న కప్లింగ్ కండెన్సర్ (సిగ్నల్‌ను పంపి డీసీని ఆపేది) లీకై డీసీ వస్తోందేమో చూడండి, వస్తుంటే దాన్ని మార్చాలి.