దసరా సేల్‌కు ముందు వెబ్ సర్వర్ ముట్టుకుంటున్నారా? ఇవి చూసుకోండి

దసరా ఆఫర్లు పెట్టేలోపు సైట్ వేగం పెంచాలని అమీర్‌పేట, కోఠి షాపుల వాళ్లంతా ఒకేసారి అడుగుతారు. ఆ తొందరలో కూడా వీటిని వదలొద్దు.

• ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి), ఫైర్‌వాల్ (ఏ కనెక్షన్లను లోపలికి రానివ్వాలో చూసే కాపలా) సెట్టింగులు మార్చాక పాత సెషన్ మూయకండి. ఇంకో టెర్మినల్‌లో కొత్తగా లాగిన్ అయ్యాకే మూయండి. ఒక శనివారం రాత్రి నేను ఫైర్‌వాల్ ఆన్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టుకు అనుమతి ఇవ్వడం మరిచి బయటికొచ్చేశాను. మళ్లీ లాగిన్ అవబోతే కర్సర్ మినుకుమంటూనే ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ లేకున్నా సర్వర్‌లోకి వెళ్లనిచ్చే హోస్టింగ్ కన్సోల్ పాస్‌వర్డ్ షాపు ఓనర్ గారి దగ్గర, ఆయన ఫోన్ స్విచాఫ్. తెల్లారేదాకా ఒకటే టెన్షన్. అందుకే కన్సోల్ పాస్‌వర్డ్ కూడా ముందే అడిగి ఉంచుకోండి.

• పీహెచ్‌పీ (సైట్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామ్) ప్రాసెస్‌ల సంఖ్య ర్యామ్ లెక్క కట్టి పెట్టండి. 4 జీబీలో డేటాబేస్‌కు, సిస్టమ్‌కు 2 జీబీ పోతే, ఒక్కో ప్రాసెస్ 80 ఎంబీ తింటే, 25కు మించదు. 100 పెడితే రద్దీలో ర్యామ్ నిండిపోయి డేటాబేసే ఆగిపోవచ్చు.

• హెచ్‌ఎస్‌టీఎస్ (సైట్‌ను సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవమని బ్రౌజర్‌కు చెప్పే సెట్టింగ్) గడువు మొదట 300 సెకన్లే పెట్టండి. ఏడాది పెట్టేశాక హెచ్‌టీటీపీఎస్ చెడితే, బ్రౌజర్లు మామూలు హెచ్‌టీటీపీకి తిరిగి రావు.

• ఎన్‌జిన్ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) సెట్టింగుల ఫైల్ మార్చాక ముందు టెస్ట్ కమాండ్, తర్వాత రీలోడ్. రీస్టార్ట్ వద్దు, ఒక్క సెమికోలన్ తప్పినా సైట్ పడిపోతుంది.

• టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకుండే ఎన్‌క్రిప్షన్ పద్ధతి) పాత వెర్షన్లు 1.0, 1.1 ఆపేయండి. 2021లోనే వాటిని పక్కన పెట్టేశారు.

• హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ గడువు పండగ మధ్యలో పడుతోందేమో చూడండి.