వేడినీళ్ళ ఖర్చు, 4వ పాఠం: గ్యాసా, రాత్రి కరెంటా?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఈసారి ట్యాంకు సైజుల గురించి రాయాలనుకున్నాను. కానీ ఆ లెక్క సరిగ్గా కుదరకపోతే ఇకమీద చెప్పేదేదీ నిలవదు. కాబట్టి ముందు అదే పట్టుకుందాం. సైజుల సంగతి తర్వాత క్లుప్తంగా చెబుతాను.

మెల్‌బోర్న్‌లో ఒక ఇంట్లో గ్యాసు మెగాజౌల్‌కు (గ్యాసు బిల్లులో వేడిని కొలిచే కొలత) 4 సెంట్లు. అదే ఇంటికి వేడినీళ్ళ కోసం విడిగా ఇచ్చే రాత్రి కరెంటు యూనిట్‌కు (కిలోవాట్-అవర్‌కు) 20 సెంట్లు. ఏది చౌక? ఇదీ ప్రశ్న. ఈ ధరలు లెక్క కోసం వేసుకున్నవి, మీ బిల్లులో వేరుగా ఉంటాయి.

కొందరు 4 కన్నా 20 ఎక్కువ కాబట్టి గ్యాసు ఐదు రెట్లు చౌక అన్నారు. కొందరికి 3.6 అనే సంఖ్య గుర్తుంది కానీ 4ని దానితో భాగించి, గ్యాసు 1.1 సెంట్లే అని తేల్చారు. ఇంకొందరు సరిగ్గా గుణించి 14.4 తెచ్చి, అక్కడితో ఆగిపోయారు. మూడో జట్టు దారి సరైనదే, కాకపోతే సగం దూరమే వెళ్ళారు.

మన ఊళ్ళలో బియ్యం కొలిచిన తీరు గుర్తు తెచ్చుకోండి. కుంచానికి నాలుగు మానికలు. ఒక కొట్లో మానిక ధర చెప్పి, పక్క కొట్లో కుంచం ధర చెబితే, మానిక ధరను నాలుగుతో గుణించాకే కదా పోల్చేది! ఇక్కడ మెగాజౌల్ మానిక, యూనిట్ కుంచం. ఒక యూనిట్‌కు 3.6 మెగాజౌల్స్. చిన్న కొలత ధరను పెద్ద కొలత ధరగా మార్చాలంటే గుణించాలి. 4 × 3.6 = 14.4 సెంట్లు. ఇకమీద నేను గ్యాసు ధరను కూడా యూనిట్‌లోనే చెబుతాను. మీరు కూడా బిల్లు అంచున పెన్సిలుతో అలాగే రాసుకోండి.

ఇప్పుడు మిగతా సగం. ఆ 14.4 సెంట్లకు కొన్న వేడి అంతా నీళ్ళలోకి పోదు. మంట వేడిలో కొంత పొగగొట్టం దారిన బయటికి పోతుంది. ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు కాచే గ్యాసు హీటరులో నీళ్ళకు చేరేది 75 శాతమని నేను వేసుకుంటాను. 14.4ని 0.75తో భాగిస్తే 19.2. ఇక్కడా కొందరు గుణించి 10.8 అంటారని తెలుసు. నష్టం ఉన్న చోట ధర పెరగాలి, తగ్గకూడదు. జవాబు తగ్గితే లెక్క తిరగబడిందని అర్థం. పాత గ్యాసు ట్యాంకు అయితే పెద్ద మంటను వెలిగించే చిన్న పైలట్ మంట రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది, ట్యాంకు కూడా చల్లారుతుంటుంది. దానికి నేను 60 శాతానికి మించి వేయను. అప్పుడు ధర 24 సెంట్లు.

కరెంటు హీటరులో వేడెక్కే కడ్డీ (ఎలిమెంటు) నీళ్ళలోనే మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడి అంతా నీళ్ళకే. నష్టం తర్వాత, ట్యాంకు గోడల గుండా జరుగుతుంది. పెద్ద ట్యాంకు నిలబడి ఉన్నందుకే రోజుకు సుమారు 2 యూనిట్లు పోతాయి. మీరు ఊరికెళ్ళి ఇల్లు తాళం వేసినా పోతాయి. (నేను వారం దాటి వెళ్తే స్విచ్ ఆపేసి వెళ్తాను. తిరిగొచ్చాక ఒక రాత్రంతా కాగనిచ్చి అప్పుడు వాడతాను.)

నలుగురున్న ఇంట్లో రోజుకు 10 యూనిట్ల వేడి కావాలనుకోండి.
అప్పటికప్పుడు కాచే గ్యాసు: 10 × 19.2 = 192 సెంట్లు.
రాత్రి కరెంటు: (10 + 2) × 20 = 240 సెంట్లు.

గ్యాసే గెలిచిందని ఇక్కడ పుస్తకం మూయకండి. గ్యాసు బిల్లులో రోజువారీ సప్లై చార్జి అని ఇంకో వరుస ఉంటుంది. ఒక్క చుక్క నీళ్ళు కాచకపోయినా అది పడుతుంది. రోజుకు 85 సెంట్లనుకుంటే ఏడాదికి 310 డాలర్లు. మీ ఇంట్లో గ్యాసు వేడినీళ్ళకు మాత్రమే ఉంటే ఆ 85 సెంట్లూ నీళ్ళ మీదే వేయాలి: 192 + 85 = 277. కరెంటు 240. గెలుపు మారింది. అదే చలికాలం ఇల్లంతా వెచ్చబెట్టే డక్టెడ్ హీటింగ్ కూడా గ్యాసుదే అయితే, ఆ 85 ఎలాగూ కడుతున్నారు, నీళ్ళ మీద వేయక్కర్లేదు. అప్పుడు గ్యాసు 192 దగ్గరే ఉంటుంది.

కాబట్టి ఎవరైనా "మాకు గ్యాసా, కరెంటా?" అని అడిగితే, నేను ముందు ధర అడగను. "గ్యాసు మీద ఇంకేం నడుస్తున్నాయి?" అని అడుగుతాను. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఒక ఇంట్లో హీటింగ్ అప్పటికే స్ప్లిట్ ఏసీల మీదకు మారింది. గ్యాసు మీద మిగిలినవి పొయ్యి, నీళ్ళు. నీళ్ళను కరెంటుకు మార్చారు, పొయ్యి మాత్రం ఉంచుకున్నారు. ఏడాదికి 300 డాలర్ల పైచిలుకు సప్లై చార్జి ఇప్పుడు పప్పు, పులుసుల మీదే పడుతోంది. మార్చితే రెండూ కలిపి మార్చండి. ఇండక్షన్ మీద మన ఇనప దోసె పెనం బాగానే పనిచేస్తుంది, అల్యూమినియం గిన్నెలే పనిచేయవు. కనెక్షన్ మూయించడానికి రుసుము ఎంతో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక నన్ను ఎప్పుడూ బాధపెట్టే తప్పు దగ్గరికి వస్తాను. బిల్లులో "ఆఫ్-పీక్" అన్న మాట కనబడగానే మన వేడినీళ్ళు చౌక కరెంటు మీద ఉన్నాయని నమ్మేయడం. ఆ మాట రెండు వేర్వేరు సంగతులకు వాడతారు.

ఒకటి, వేళను బట్టి మారే ధర. ఇంటికంతటికీ ఒకే లైను. ఏ వేళకు వాడితే ఆ వేళ ధర పడుతుంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఎక్కువగా మధ్యాహ్నం చివరి నుంచి రాత్రి దాకా పీక్ (ఖరీదైన వేళ), మిగతాది ఆఫ్-పీక్. ఇందులో హీటరుకు ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేదు. సాయంత్రం 6కి స్నానం చేస్తే, 6:10కి హీటరు పీక్ ధరలోనే కాచడం మొదలుపెడుతుంది.

రెండోది కంట్రోల్డ్ లోడ్. ఇదీ మన పాఠంలో అసలు రాత్రి కరెంటు. హీటరుకు మీటరు దగ్గర్నుంచి విడిగా ఒక లైను, దానికి విడిగా లెక్క. కరెంటు పంపిణీ సంస్థ ఇచ్చిన గంటల్లోనే ఆ లైనులో కరెంటు ఉంటుంది, మిగతా గంటల్లో ఉండదు. ఆ స్వేచ్ఛ వదులుకున్నందుకే ధర తక్కువ. బిల్లులో "కంట్రోల్డ్ లోడ్" అనో, "డెడికేటెడ్ సర్క్యూట్" అనో ఉంటుంది. సిడ్నీలో కంట్రోల్డ్ లోడ్ 1 అంటే మామూలుగా రాత్రి కొన్ని గంటలే, 2 అంటే పగలు కూడా కొంతసేపు. బ్రిస్బేన్ వైపు టారిఫ్ (ధర పథకం) 31లో రోజుకు కనీసం 8 గంటలు, టారిఫ్ 33లో కనీసం 18 గంటలు కరెంటు ఇస్తారు.

మా మొదటి ఇంట్లో బిల్లు మీద ఆఫ్-పీక్ వరుస చూసి నిశ్చింతగా ఉన్నాం. హీటరు మామూలు లైనుకే కలిపి ఉందని నాలుగు నెలల తర్వాత గానీ తెలియలేదు. ఆ నాలుగు నెలలూ సాయంత్రం స్నానాల నీళ్ళు రోజులో అత్యంత ఖరీదైన వేళ కాగాయి. మనవాళ్ళ ఎన్నో ఇళ్ళలో ఈ రోజుకీ ఇదే జరుగుతోంది. జీతం నుంచి ప్రతి నెలా ఇంత ఊరికే పోతుంటే చూస్తూ ఊరుకోలేక ఇంత వివరంగా రాస్తున్నాను.

తెలుసుకునే సులువు చెబుతాను. స్మార్ట్ మీటరు ఉంటే మీ వాడకం అరగంట అరగంటకు ఎంతో దించుకోవచ్చు. హీటరు ఎలిమెంటు మామూలుగా 3.6 కిలోవాట్లు. అంటే అరగంటకు 1.8 యూనిట్లు. స్నానాలయ్యాక మామూలు లైను వరుసలో ఇంటి వాడకం ఉన్నట్టుండి 1.8 పెరిగి, రెండు మూడు అరగంటలు అలాగే నిలబడితే హీటరు మామూలు లైను మీదే ఉన్నట్టు. ఆ ఎత్తు వేరే వరుసలో, రాత్రివేళ కనబడితే కంట్రోల్డ్ లోడ్ ఉన్నట్టు. రెండు చోట్లా కనబడితే ట్యాంకుకు రెండు ఎలిమెంట్లు ఉండి ఉంటాయి, పై ఎలిమెంటు పగలు మామూలు ధరకు కాస్తోంది. స్విచ్‌బోర్డు మూత విప్పి వైర్లు వెతకవద్దు. అది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని.

ఇంటిమీద సోలార్ ప్యానెళ్ళు ఉన్నవాళ్ళకు నా సలహా వేరు. రాత్రి కరెంటు జోలికి పోకుండా, హీటరుకు టైమరు పెట్టించి ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 మధ్య కాయించండి. అప్పుడు మీ యూనిట్ ఖరీదు, దాన్ని గ్రిడ్‌కు అమ్మితే వచ్చే ఆ కొద్ది సెంట్లే. రాత్రి చౌకగా ఇవ్వడం బొగ్గు కేంద్రాల కాలం నాటి పద్ధతి. రాత్రి వాడకం తగ్గినా ఆ బాయిలర్లను ఆపడం కష్టం. ఇప్పుడు మిగిలిపోయేది మధ్యాహ్నపు ఎండ. అందుకే దక్షిణ ఆస్ట్రేలియాలో పంపిణీ సంస్థ పగటి ఎండ వేళను చౌక వేళగా పెట్టి, దానికి "సోలార్ స్పాంజ్" అని పేరు పెట్టింది.

ఇక 10 యూనిట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, నిమిషానికి 9 లీటర్ల షవరు కింద 8 నిమిషాలు నిలబడితే 72 లీటర్లు. మెల్‌బోర్న్ చలికాలంలో కుళాయి నీళ్ళు 12 డిగ్రీలనుకుంటే, 40కి తేవడానికి 2.34 యూనిట్లు. నలుగురికి సుమారు 9.4, ఆపైన వంటింటి వాడకం. మన 18 లీటర్ల బకెట్ స్నానం అందులో సరిగ్గా నాలుగో వంతు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు బకెట్, చెంబు అడిగితే సంతోషంగా ఇవ్వండి.

ట్యాంకు సైజు: రాత్రి మాత్రమే కాచే ట్యాంకు రోజంతటికీ సరిపోవాలి. 60 డిగ్రీల నీళ్ళు షవరుకు 42 లీటర్లు పోతాయి, నలుగురికి 168. 250 లీటర్లది సరిపోతుంది. ఆర్నెల్లు పెద్దవాళ్ళు వచ్చి ఉండే ఇల్లయితే 315 తీసుకోండి. చిన్న ట్యాంకును రాత్రి కరెంటుకు కలిపితే సాయంత్రానికి చన్నీళ్ళే.

ఖర్చు తగ్గుతుందని ట్యాంకు థర్మోస్టాట్‌ను 60 కన్నా కిందికి దించకండి. గోరువెచ్చని నిల్వ నీళ్ళలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. చర్మం కాలకుండా బాత్రూముకు 50 డిగ్రీలకు మించకుండా పంపే పని టెంపరింగ్ వాల్వుది.

కొత్త గ్యాసు హీటరు కొనబోయే విక్టోరియా వాళ్ళకు ఒక్క మాట. 2027 మార్చి 1 నుంచి, పాడైపోయిన గ్యాసు వేడినీళ్ళ హీటరు స్థానంలో కరెంటుదే పెట్టాలన్న నియమం వస్తోంది. గాలిలోని వేడిని తీసుకుని నీళ్ళు కాచే హీట్ పంపు గురించి చాలామంది అడిగారు. 5వ పాఠం మొత్తం దానికే.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టపడాలి.

గ్యాసు ఇళ్ళవాళ్ళు ఒక ఆదివారం హీటింగ్ ఆపి, పొయ్యి వెలిగించకముందే, మొదటి స్నానానికి ముందు ఒకసారి, చివరి స్నానం తర్వాత ఒకసారి మీటరు చూసి రాసుకోండి. తేడా ఘనపు మీటర్లలో వస్తుంది. బిల్లులో ఉన్న హీటింగ్ వాల్యూ (ఒక ఘనపు మీటరు గ్యాసులో ఉన్న వేడి), ప్రెజర్ ఫ్యాక్టర్ (గ్యాసు ఒత్తిడికి చేసే సవరణ) రెండింటితోనూ గుణిస్తే మెగాజౌల్స్ వస్తాయి. వాటిని 3.6తో భాగిస్తే యూనిట్లు (ఇక్కడ మారుస్తున్నది ధరను కాదు, పరిమాణాన్ని. మానికలను కుంచాలు చేస్తున్నాం కాబట్టి భాగించాలి). ఇలా వరసగా నాలుగు ఆదివారాలు చేయండి, ఒక్క రోజు లెక్క నమ్మలేం.

కరెంటు ఇళ్ళవాళ్ళు నెల రోజుల అరగంట వాడకం దించుకుని, 1.8 ఎత్తులన్నీ రంగు పెన్సిలుతో గుర్తించి, పీక్‌లో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి.

నేను పైన వేసుకున్న షవరుకు అప్పటికప్పుడు కాచే హీటరు వాడే గ్యాసు సుమారు 0.29 ఘనపు మీటర్లు. నాలుగు స్నానాలకు మీ మీటరు 1.2 దగ్గర తిరిగితే మీ కొలత సరైనదే. 2 దాటితే, నాకు రాసేముందు షవరు కింద బకెట్ పెట్టి ఒక నిమిషంలో ఎన్ని లీటర్లు పడ్డాయో కొలవండి.