530026కి ఎన్ని కారణాంకాలు? వచ్చిన తప్పు జవాబును బట్టే తప్పు పట్టుకోండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో పోటీ పరీక్షలకు కోచింగ్ తీసుకునే పిల్లలకు పెద్ద సంఖ్య కనిపిస్తే చాలు, టెన్షన్. సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టి, ఒక్కో ఘాతాంకానికి 1 కలిపి గుణించే పద్ధతి చాలామందికి వచ్చు. జవాబు తేడా వచ్చాక ఎక్కడ తప్పారో వెతకడమే రాదు. ఎక్కడ తప్పారో ఆ తప్పు జవాబే చెబుతుంది. గాజువాక పిన్‌కోడ్ 530026 తీసుకుందాం. దీని కారణాంకాలు మొత్తం 24. మీకు ఎన్ని వచ్చాయి?

సమస్య: 8 వచ్చింది
2, 7 తీసేస్తే 37859 మిగులుతుంది. అది 13 దాకా ఏ ఎక్కంలోనూ పోదు. అక్కడితో ఆపేసి ప్రధాన సంఖ్య అని రాసేశారు.
పరిష్కారం: మిగిలిన సంఖ్య వర్గమూలం వరకూ ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఇక్కడ ఆ హద్దు 194. అంత దూరమా అని బెదిరిపోకండి. 17తో భాగిస్తే 2227 వస్తుంది, హద్దు 47కి పడిపోతుంది. మళ్లీ 17తో భాగిస్తే 131, దాని హద్దు 11. అవన్నీ ముందే చూసేశాం కాబట్టి 131 ప్రధాన సంఖ్యే. కారణాంకం దొరికిన ప్రతిసారీ హద్దు తగ్గించుకోండి. నా దృష్టిలో ఈ లెక్కల్లో ఇంతకన్నా విలువైన అలవాటు లేదు.

అన్నిసార్లూ ఇంత తేలిగ్గా తెగదు. ద్వారకానగర్ పిన్‌కోడ్ 530016నే చూడండి: 2⁵ × 3 × 5521. ఆ 5521 ప్రధాన సంఖ్య అని తేల్చాలంటే 73 దాకా వెళ్లక తప్పదు.

సమస్య: 16 వచ్చింది
17తో ఒక్కసారే భాగించి 2227ని వదిలేశారు. పోయిన సంఖ్యతోనే మళ్లీ భాగించి చూడాలి.

సమస్య: 2 వచ్చింది
530026 = 2 × 7 × 17² × 131. ఘాతాంకాలు 1, 1, 2, 1. వాటిని అలాగే గుణించేశారు. ఒక్కోదానికి 1 కలిపాకే గుణించాలి: 2 × 2 × 3 × 2 = 24.

సమస్య: 12 వచ్చింది
గుణిస్తే 530026 వచ్చే కారణాంకాల జతలు లెక్కపెట్టారు. రెట్టింపు చేయండి.

సమస్య: బేసి సంఖ్య వచ్చింది
కారణాంకాల లెక్క బేసి అయ్యేది పరిపూర్ణ వర్గాలకే. 530026 అలాంటిది కాదు, మళ్లీ చేయండి.

సమస్య: 7, 11, 13 చూడటానికే టైం అయిపోతోంది
మూడిటినీ విడివిడిగా భాగిస్తున్నారు. 7 × 11 × 13 = 1001. అందుకే చివరి మూడంకెల్ని ముందున్న మూడంకెల్లోంచి తీసేస్తే చాలు: 530 − 26 = 504. అది 7తో పోతుంది, 11తో, 13తో పోదు. అసలు సంఖ్యకూ అంతే.

సమస్య: ఎక్సెల్‌లో పదహారంకెల సంఖ్య కొడితే చివరి అంకె సున్నా అవుతోంది
ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది. 1234567890123456 కాస్తా 1234567890123450 అయి, 5తో పోని సంఖ్య పోతున్నట్టు కనిపిస్తుంది. సంఖ్యను భద్రపరచడానికైతే టైప్ చేసే ముందే గడిని టెక్స్ట్‌గా మార్చండి. లెక్క చేయాలంటే మాత్రం పైథాన్ వాడండి. అందులో పూర్ణ సంఖ్యలకు ఈ 15 అంకెల హద్దు లేదు.