అరబిక్ టీవీలో భాష ఎక్కడ మారుతుందో ఇలా పట్టుకోండి

గల్ఫ్‌లో ఉంటూ బయట మాట్లాడే అరబిక్ బాగానే వచ్చినా టీవీ వార్తలు అర్థం కావట్లేదంటే తప్పు మీది కాదు, వార్తలు చదివేది ఫుస్హాలో, అంటే మన గ్రాంథికం లాంటి భాషలో. ముందు ‘ఇప్పుడు’ అనే ఒక్క మాట కోసం చెవులు రిక్కించండి. అల్ జజీరా వార్తల్లో అది ‘అల్‌ఆన్’. చర్చలో కూర్చున్న కైరో ఆయన కాస్త వేడెక్కితే ‘దిల్‌వఅతి’ అనేస్తారు, బీరూట్ వాళ్లయితే ‘హల్లఅ’, కువైట్ వాళ్లయితే ‘అల్‌హీన్’. అందుకే వార్తల కన్నా చర్చలే ఎక్కువ వినండి, ఫుస్హాలో మొదలైన మాట కోపం రాగానే ఇంటి భాషలోకి జారేది అక్కడే, నాకు చాలా ఇష్టమైన క్షణం అది. ఒక్క జాగ్రత్త: ఈజిప్టు వాళ్లు ఫుస్హాలోనూ ‘జ’ని ‘గ’ అనే పలుకుతారు, అది విని మాండలికం అనుకోవద్దు. ‘తెలీదు’ అనడానికి ‘లా అఅరిఫ్’ పోయి ‘మఅరఫ్ష్’ వచ్చిందా, అప్పుడు నిజంగా మారినట్టే.